గంధర్వనగరి బురుజు

బల్లార్‌షా జంక్షన్‌లోని మొదటి తరగతి వెయిటింగ్ రూములో, టీ చల్లారేలోపే రామనాథం ఒక మనిషిని దేశద్రోహిగా తేల్చేశాడు.

అంతకు ముందు ఆయన కోడ్ వర్డ్ అడిగాడు. గదిలో ఇద్దరే ఉన్నారు. ఇరవై ఏళ్ల పరిచయం. అయినా "ఈ రైలు కాజీపేటలో ఆగుతుందా?" అని గంభీరంగా అడిగాడు. "ఆగుతుంది, దిగేవాళ్లే లేరు" అని ఝాన్సీలక్ష్మి నియమం ప్రకారం జవాబు చెప్పి, నొప్పి పెడుతున్న మోకాలిని అరచేత్తో నొక్కుకుంటూ కూర్చుంది. ఒకప్పుడు ఆమె దగ్గర శిక్షణ పొందిన కుర్రవాడు రామనాథం. ఇప్పుడు నిఘా విభాగానికి డిప్యూటీ డైరెక్టర్. ఆమె మాత్రం ఎక్కడ వదిలారో అక్కడే, ఫీల్డ్ ఏజెంట్‌గా, సగం నెరిసిన తలతో మిగిలింది.

"సబ్జెక్ట్ పేరు వినయ్" అన్నాడు ఆయన. "టెలిమెట్రీ ఇంజనీర్. పద్మాపూర్ అవతలి అడవిలో మన రాకెట్ మోటార్ పరీక్షా కేంద్రం ఉంది కదా, అక్కడ. మోటార్ మండుతున్నప్పుడు దాని వేడి, పీడనం, అన్నీ రేడియో సంకేతాలుగా కంట్రోల్ రూముకు వస్తాయి. ఆ సంకేతాలు చేజిక్కితే మోటార్ గుండె చేజిక్కినట్టే. ఆగస్టు నుంచి రెండు పరీక్షల లెక్కలు విదేశానికి వెళ్లిపోయాయి. మూడోది అనంత చతుర్దశి నాడు, సాయంత్రం నాలుగింటికి."

"వినయ్ అని ఎవరు చెప్పారు?"

"మైనా."

మైనా విభాగం పెట్టుకున్న ఇన్‌ఫార్మర్. అసలు పేరు భానుశ్రీ. దేశం తలుపులు బార్లా తెరిచాక చంద్రపూర్‌లో దిగిన విదేశీ కన్సల్టెన్సీలలో నార్త్‌బే అనేది ఒకటి. పైకి థర్మల్ విద్యుత్తుకు సలహాలిస్తుంది. లోపల ఏం చేస్తుందో తెలుసుకోవడానికి రామనాథం ఆ సంస్థ పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసర్‌నే తనవైపు తిప్పుకున్నాడు. అది తన కెరీర్‌లో పెద్ద విజయమని ఆయన నమ్మకం. కాబట్టి ఆమె చెప్పింది తప్పు కావడానికి వీల్లేదు.

వినయ్‌ను అప్పటికే పరీక్షా కేంద్రం గెస్ట్‌హౌస్‌లో కాపలా మధ్య ఉంచారు. మూడో పరీక్ష కాగానే అరెస్టు.

"అతను కాపలాలో ఉండగా లెక్కలు మళ్లీ పోతే?" అని ఝాన్సీలక్ష్మి అడిగింది.

"అప్పుడు అతను నిర్దోషి అని ఒప్పుకోవచ్చు మేడమ్. కానీ మోటార్ మాత్రం మనది కాకుండా పోతుంది."

"పోకుండా ఆపితే?"

"లీక్ చేసేవాణ్ణి లోపల పెట్టాం కాబట్టే ఆగిందని రాస్తాం."

అంటే దేశాన్ని కాపాడితే మనిషి మునుగుతాడు, మనిషిని కాపాడాలంటే దేశం మునగాలి.

ఆమెకు మారువేషంగా ఒక ఖద్దరు చీర, నాగపూర్ సాంస్కృతిక సంఘం వారి బ్యాడ్జి ఇచ్చారు. గణేశోత్సవ దేఖావాల పోటీకి న్యాయనిర్ణేతగా ఊళ్లో తిరగవచ్చు. చంద్రపూర్‌లో ప్రతి మండలమూ, అంటే పేట ఉత్సవ సంఘమూ, గణపతి చుట్టూ ఏదో ఒక దృశ్యం కడుతుంది, దాన్నే దేఖావా అంటారు. గ్యాడ్జెట్‌గా ఒక కళ్లద్దాల పెట్టె ఇచ్చారు. దగ్గరలో రహస్యంగా రేడియో పరికరం ఏదైనా పనిచేస్తుంటే అది గొణుగుతుంది. టెండరు ద్వారా కొన్నది కావడంతో ఇటుకంత బరువుంది.

మరునాడు ఆమె ముందు వినయ్‌నే చూసింది. ముప్ఫై దాటని మనిషి, గడ్డం మాసి, గెస్ట్‌హౌస్ కిటికీ పక్కన కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరో మళ్లీ ప్రశ్నలడగడానికి వచ్చారనుకుని, అడగకముందే అన్నీ వరుసగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఆపింది. జూన్‌లో జరిగిన పరీక్ష సంగతేమిటని అడిగింది.

"అది బయటికి పోలేదండీ" అన్నాడు. "అప్పుడూ నేనే డ్యూటీలో ఉన్నాను. ఆ మాట ఎవరూ వినడం లేదు. మా సంకేతాలు చాలా బలహీనం. చుట్టూ గుట్టలు. గుట్టను దాటి చూసేంత ఎత్తు ఊళ్లో దేనికీ లేదు. అందుకే లోపలివాడే ఇచ్చాడంటున్నారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణేమో."

తనను నమ్ముతున్నారా అని అతను అడగలేదు. అది ఆమెకు నచ్చింది. బయటికి వస్తూ ఆమె ఒక్కటే ఆలోచించింది: జూన్‌లో లేని ఎత్తు, ఆగస్టులో ఎక్కడ లేచింది?

జవాబు కోసం వెతకనక్కర్లేదు. చంద్రపూర్‌లోని తుకుం పేటలో ఏ వీధిలో నిలబడినా కనిపిస్తుంది.

ఆ ఏడు తుకుం మండలం వారు గంధర్వనగరిని కట్టారు. ప్లైవుడ్ ప్రాసాదాలు, థర్మోకోల్ సింహాలు, వీధుల మీద తెల్లగుడ్డ మేఘాలు, సీరియల్ లైట్ల నక్షత్రాలు. నగరం నడిబొడ్డున ఆ నగరాన్నేలే రాజు బురుజు. వెదురుతో, గుడ్డతో కట్టినదైనా చూడ్డానికి చలువరాయిలా ఉంది. మూడంతస్తుల ఇల్లు దాని నడుము దగ్గరికి వస్తుంది. రాజు మరెవరో కాదు, గణపతి. పూజామూర్తిని బురుజు శిఖరాన ఉన్న గదిలో కూర్చోబెట్టారు. అంత ఎత్తుకు జనం ఎక్కలేరు కనుక పైన ఒక వీడియో కెమెరా పెట్టి, కింద ద్వారం దగ్గర కలర్ టీవీల్లో దర్శనం ఇప్పిస్తున్నారు. బొగ్గుపొడి మూతికంటిన గని కార్మికులు డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పి, టీవీకి దండం పెట్టుకుని వెళుతున్నారు. ఖర్చంతా నార్త్‌బే వారిది. జూలై చివర వెదురు లేచింది. ఆగస్టులో మొదటి లెక్కలు పోయాయి.

ద్వారం దగ్గర భానుశ్రీ ఎదురొచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, చేతిలో వాకీటాకీ. ఆమె నడుస్తుంటే మండలం కుర్రవాళ్లు లైట్లు బిగించడం ఆపి చూస్తున్నారు.

"స్వాగతం మేడమ్. మా నగరానికి ఎన్ని మార్కులు?" అని నవ్వి, గొంతు తగ్గించి, "రామనాథం గారు ఫోన్ చేశారు. మీకేం కావాలన్నా నన్నడగండి" అంది.

ఒకే చీర కొంగుతో రెండు ఇళ్లలో చెయ్యి తుడుచుకునే మనుషులను ఝాన్సీలక్ష్మి చాలామందిని చూసింది. ఈ అమ్మాయి వాళ్లలో ఆరితేరింది. పైకెక్కి రాజుగారిని చూడాలని ఆమె అడిగితే భానుశ్రీ మోకాళ్ల మీద జాలి చూపింది. "నా మోకాళ్ల సంగతి వదిలేయ్ తల్లీ, ఎక్కిస్తావా లేదా?" అనేసరికి కాదనలేకపోయింది.

పైన అగరుబత్తుల పొగలో గణపతి ఒకవైపుకు తిరిగి కూర్చున్నాడు. కెమెరాకు సగం ముఖమే కనిపిస్తుంది. ఆయన చూపు కిటికీ లోంచి, ఇళ్ల మీదుగా, తూర్పు గుట్టల మీదుగా పద్మాపూర్ అవతలికి సాగుతోంది. వెనకాల కంపెనీ బహూకరించిన ప్రభావళి, సన్నటి జాలీ పని, పళ్లెంలా కొద్దిగా లోపలికి వంగి ఉంది. విగ్రహమూ ప్రభావళీ ఒకే పీట మీద ఉన్నాయి. పీట అంచున నేల మీద తెల్లటి గీత. ప్రభావళి వెనుక నుంచి ఒక తీగ లైట్ల తీగలతో కలిసి కిందికి దిగుతోంది. సంచిలోని కళ్లద్దాల పెట్టె ముసలి పిల్లిలా గొణగసాగింది. ఆమె దగ్గి దాన్ని కప్పిపుచ్చింది.

నైవేద్యం పెట్టడానికి అక్కడే ఉన్న భూదేవి అనే పెద్దావిడ మాత్రం తన గొణుగుడు దాచుకోలేదు. రాజురా దగ్గరి తెలుగు రైతు కుటుంబం ఆమెది. తుకుంలో ఇల్లు కట్టుకున్నాక మండలంలోని ఆడవాళ్లకు ఆమె మాటే మాట.

"చూసిన్రా మేడమ్, దేవుడు మొకం అటు పెట్టిండు. మేమేమన్న తప్పు చేసినమా? గీ పిల్ల తెచ్చిన వాస్తు సారు గట్లనే ఉండాల్నన్నడట. సూదంత జరిపినా ఊరుకోదు. నేను పీట తుడవబోతే చెయ్యి పట్టుకున్నది."

"వాస్తు అమ్మా" అంది భానుశ్రీ తీయగా.

"మరి మేము అడిగేది చీకటి పడకముందు ఊరేగింపు. పొద్దుమూకినంక పోతే ఘాట్ కాడ లైన్ల నిలబడి సస్తం. దానికీ వద్దంటది."

"ఆరింటి దాకా విగ్రహం దిగకూడదు. మా డైరెక్టర్లు దర్శనానికి వస్తున్నారు."

నాలుగింటికి పరీక్ష. ఆరింటి దాకా దేవుడు దిగకూడదు. ఇక తెలుసుకోవలసింది లేదు. కిందికి దిగాక వీధి చివర కంపెనీ వ్యాను కూడా కనిపించింది. లైట్ల తీగలతో దిగిన ఆ ఒక్క తీగ అందులోకి వెళుతోంది.

ఎస్టీడీ బూత్ నుంచి ఆమె అన్నీ చెప్పింది. అవతల రామనాథం ఒప్పుకోలేదు. అది కెమెరా తాలూకు టీవీ యాంటెన్నా కావచ్చన్నాడు. నార్త్‌బేతో కేంద్ర ప్రభుత్వ ఒప్పందం మీద సంతకాలు కావలసి ఉన్నాయనీ, పండగ పూట దేవుడి ప్రభావళి పీకితే ఊరు మండుతుందనీ, మైనా మీద ఆధారం లేకుండా మాట్లాడవద్దనీ అన్నాడు. కావాలంటే రేపు తానే మనుషులతో అతిథిగా వచ్చి టీవీ దగ్గర కూర్చుంటాడట. ఆమె సరేనంది. సరేనని ఫోన్ పెట్టేశాక బూత్ అద్దంలో తన ముఖం చూసుకుని, ఈ ఉద్యోగంలో తాను ఎన్నిసార్లు సరేనందో లెక్కపెట్టబోయి మానుకుంది.

ప్రభావళి పీకితే యాంటెన్నా అంటారు. తీగ కోస్తే లైట్ల తీగ అంటారు. మోటార్ బతుకుతుంది, వినయ్ జైలుకు పోతాడు. ఆ యంత్రం విలువ తెలిసిన చెయ్యి, దాన్ని పట్టుకుని అందరికీ కనబడాలి.

ఆ సాయంత్రం ఆమె భూదేవి ఇంటికి వెళ్లింది. తానెవరో దాచలేదు. అన్యాయంగా ఒక తెలుగు పిల్లవాడు లోపలున్నాడని చెప్పింది. భూదేవి జొన్నరొట్టె, పచ్చిమిరప ఠేచా పచ్చడి పెట్టి, తిన్నంతసేపూ ఎదురు ప్రశ్న వేయకుండా విని, "నన్నేం చేయమంటవు అక్కా?" అని మాత్రం అడిగింది.

చతుర్దశి మధ్యాహ్నం భూదేవి ఆడవాళ్లందరితో భానుశ్రీ ముందు నిలబడింది. నిమజ్జనం ఆలస్యమైనా, ఉద్వాసన పూజ మాత్రం మంచి గడియలో జరగాలనీ, అది నాలుగింటికి ముందే దాటిపోతుందని పూజ చేసే గురూజీ అంటున్నాడనీ మొరపెట్టుకుంది. పక్కనే మార్కుల కాగితంతో కూర్చున్న ఝాన్సీలక్ష్మి తల కూడా ఎత్తలేదు.

"విగ్రహాన్ని దింపుతారా?" అని భానుశ్రీ అడిగింది.

"లేదమ్మా. ఉత్త పూజనే. దేవుడు ఆరింటి దాక పైననే ఉంటడు."

భానుశ్రీ గడియారం చూసుకుని నవ్వింది. "పూజే కదా. కానివ్వండి."

ఎక్కడెక్కడి హోటళ్లలోనో, ఎయిర్‌పోర్టుల్లోనో పెరిగిన పిల్ల. గణపతి బొమ్మను ఇంట్లో నిలిపి, పూజించి, సాగనంపిన చెయ్యి కాదు. ఆ చెయ్యి ఉన్నవాళ్లెవరూ ఆ అనుమతి ఇచ్చి ఉండేవారు కారు.

నాలుగు కావస్తుండగా మేళం మొదలైంది. వ్యాన్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న భానుశ్రీ పక్కన నార్త్‌బే తెల్ల ఇంజనీరు రికార్డర్ టేపు తిప్పాడు. పరీక్షకు ముందు పంపే ట్యూనింగ్ సిగ్నల్ స్పష్టంగా వినబడుతోంది. పైన గురూజీ మంత్రం ముగించి, అక్షతలు వేసి, స్వామి ఇక తన చోటికి తాను వెళ్లవచ్చునని చెప్పి, ఉద్వాసనలో ప్రతి ఇంటా చేసేట్టే పీటను రెండు చేతులతో పట్టి ఉత్తరానికి జరిపాడు. బెత్తెడు కూడా లేదు.

వ్యాన్‌లో సిగ్నల్ చచ్చిపోయింది.

గురూజీ, భూదేవి దిగి వచ్చారు. పూజకని వాళ్లతో పైకెక్కిన ఝాన్సీలక్ష్మి దిగలేదు. గది మూల వేలాడదీసిన గుడ్డ మేఘం వెనుక వెదురు గుంజకు ఆనుకుని, కెమెరా కంట పడకుండా నిలబడింది. మోకాలు సలుపుతోంది. మెట్ల మీద పరుగు వినిపించింది. పట్టుచీర కుచ్చెళ్లు నడుముకు దోపుకుని భానుశ్రీ లోపలికి దూకింది. తీగ చూసింది, బాగానే ఉంది. ప్రభావళి చూసింది, బాగానే ఉంది. అప్పుడు నేల మీది తెల్లగీత, దానికి దూరంగా జరిగిన పీట కనిపించాయి.

మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో పీటను మళ్లీ గీత మీదికి తోసింది. వాకీటాకీలో ఇంగ్లీషులో, "ఇప్పుడు?" అని అడిగింది. "ఇంకొంచెం ఎడమకు" అని జవాబొచ్చింది. తోసింది. "దొరికింది. కదిలించకు" అంది వాకీటాకీ.

కింద టీవీల ముందు హారతి పాట మధ్యలో తెగిపోయింది. సాగనంపిన దేవుణ్ణి మళ్లీ తెచ్చి కూర్చోబెట్టడం తుకుంలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. మొదటి వరసలో అతిథి కుర్చీలో రామనాథం కూర్చున్నాడు. తన మైనా, వాస్తుకోసం కాక ఒక గీతకోసం, దేవుడి ముఖం వైపు కూడా చూడకుండా, వాకీటాకీ మాట వింటూ ప్రభావళిని అంగుళం అంగుళం సవరించడాన్ని ఆయన రంగుల్లో చూశాడు.

"గా పిల్ల ఎవలితోని మాట్లాడుతున్నది సారూ?" అని భూదేవి ఆయననే అడిగింది. జవాబు కోసం ఆగలేదు. ఆడవాళ్లను, గజ్జెల కర్రలతో లెజీమ్ ఆడే కుర్రాళ్లను వెంటేసుకుని వ్యాన్ ముందూ వెనుకా నిలిపింది. ఇంజనీరు హారన్ కొట్టాడు. వాళ్లు దానికి తగ్గట్టు లెజీమ్ ఆడారు.

తూర్పు గుట్టల వెనక సన్నగా సైరన్ మోగింది. మోటార్ అంటుకోబోతోంది.

ఝాన్సీలక్ష్మి మేఘం పక్కకు తీసి వచ్చింది. భానుశ్రీ ఉలిక్కిపడలేదు. పీట మీది నుంచి చెయ్యి తియ్యకుండా, జాకెట్టులోంచి చిన్న పిస్టల్ తీసి నిదానంగా గురిపెట్టింది.

"ఇది టీవీ యాంటెన్నా మేడమ్. మిమ్మల్నెవరూ నమ్మరు."

"నన్ను నమ్మమని ఎవరినీ అడగలేదు. అటు చూడు."

కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోంది. భానుశ్రీ అటు చూసింది. ఇటుకంత బరువున్న కళ్లద్దాల పెట్టె ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ జారి వెదురు సందులోంచి కిందికి పోయింది. సైరన్ ఆగింది. ఝాన్సీలక్ష్మి వంగి, మోకాలి నొప్పికి పళ్లు బిగించి, రాజుగారి పీటను ఒక్క తోపు తోసింది. వాకీటాకీలో తెల్ల ఇంజనీరు ఏదో అన్నాడు. కాన్వెంటులో చదివిన ఆడది తిరిగి చెప్పదగిన మాట కాదు అది. గుట్టల అవతల మోటార్ గర్జించింది. దాని గుండె లెక్కలు వినవలసినవాళ్లకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"అతను పోతే పోయేవాడు" అంది భానుశ్రీ మణికట్టు పట్టుకుని. "ఒక చిన్న ఇంజనీరు. అతని కోసం ఇంత ఎత్తు ఎక్కారా?"

"ఎక్కడం కష్టం కాలేదమ్మా. దిగడమే కష్టం. కాస్త చెయ్యివ్వు."

వ్యాన్‌లో పోయిన రెండు పరీక్షల టేపులు కూడా దొరికాయి. ఆరింటికి గణపతి దిగాడు. గురూజీ ఆయనకు మరోసారి క్షమాపణ చెప్పి పంపాడు.

న్యాయం మాత్రం అంత తేలిగ్గా కదల్లేదు. తెల్ల ఇంజనీరును మర్యాదగా నాగపూర్‌లో విమానం ఎక్కించారు; ఒప్పందం ఒప్పందమేనట. భానుశ్రీని ఢిల్లీకి కారులో తీసుకెళ్లారు. రామనాథం ముందు సీట్లో కూర్చుని దారిపొడుగునా వెనక్కి తిరిగి చూడలేదు. మరునాడు ఫ్యాక్సులో వచ్చిన ఉత్తర్వులో, సంశయలబ్ధి, అంటే బెనిఫిట్ ఆఫ్ డౌట్, కింద వినయ్‌ను విడుదల చేయడమైనదని ఉంది. ఝాన్సీలక్ష్మి తన రిపోర్టు మీద సంతకం పెట్టనంది. ఎందుకని ఫోన్‌లో రామనాథం అడిగాడు. "సంశయం మీది. అతనికి అంటగట్టవద్దు. నిర్దోషి అని రాయండి" అంది. రెండో ఫ్యాక్సులో నిర్దోషి కావచ్చునని వచ్చింది. దాన్నీ తిప్పి పంపింది. గెస్ట్‌హౌస్ వరండాలో, పేము కుర్చీలో, కాళ్లు పక్క కుర్చీ మీద చాపుకుని, మూడోదాని కోసం కూర్చుంది. వినయ్ ఎదురుగా కూర్చున్నాడు. ఒకసారి అతను లేచి ఆమెకు టీ తెచ్చిచ్చాడు. మధ్యాహ్నం దాటాక, ఒక్కటే వాక్యంతో, మూడో ఫ్యాక్సు వచ్చింది. అతను దాన్ని చదివి, మళ్లీ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇద్దరూ గేటు దాకా నడిచారు. అక్కడ పోశం అనే గార్డు వినయ్‌ను ఆపాడు. కాగితం చూపించారు. పోశం దాన్ని గౌరవంగా కళ్లకద్దుకున్నంత పని చేసి, తన పుస్తకం తెరిచి తల గోక్కున్నాడు.

"సారు మంచోడే మేడమ్, నాకు ఎరికనే. గానీ లోపటికి వచ్చినప్పుడు నిందితుడని రాసుకున్న. నిందితుడు బయటికి పోవాల్నంటే ఎస్కార్ట్ ఉండాలె. నిర్దోషి ఒక్కడే పోనీకి గీ బుక్కుల గడే లేదు. నా నౌకరీ పోతది."

వినయ్ మళ్లీ వెనక్కి తిరగబోయాడు. ఝాన్సీలక్ష్మి అతని మోచెయ్యి పట్టి ఆపింది. రెండు రోజుల నుంచి నిద్ర లేదు, మోకాలు వాచింది, ఇక నాలుగో ఫ్యాక్సు కోసం కూర్చునే శక్తి లేదు.

"అయితే నిందితురాలు ఝాన్సీలక్ష్మి అని రాసుకో నాయనా" అంది. "ఆయన నాకు ఎస్కార్ట్."